సింగిల్ డెస్క్ వచ్చాక కూడా జీడి ఫ్యాక్టరీకి ఇన్ని కాగితాలు ఎందుకు?

ప్రశ్న అడిగిన తమ్ముడి పరిస్థితి క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, మందస దగ్గర నాన్నగారి పేరున ఉన్న భూమిలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ పెట్టాలనుకుంటున్నారు. పాతికమంది పనివాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లే, ఒక బాయిలర్, సుమారు నలభై లక్షల పెట్టుబడి. అనుమతులన్నీ తెచ్చిపెట్టడానికి విశాఖలో ఒక కన్సల్టెంట్ 85 వేలు అడిగాడట. "అంతా ఆన్‌లైన్, సింగిల్ డెస్క్ (అన్ని శాఖల అనుమతులకూ ఒకే చోట దరఖాస్తు), 21 రోజులు అని ప్రభుత్వం చెబుతుంటే ఈ 85 వేలు దేనికి? నిజంగా ఏమైనా తగ్గిందా, పేపర్లో ప్రకటనలేనా?" అన్నది ప్రశ్న.

నేను పలాస-కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలకు, రైసు మిల్లులకు లెక్కలు రాస్తాను, లైసెన్సుల పనీ చూస్తాను. అమ్మకం పన్ను రోజుల నుంచీ ఇదే పని. నా సంపాదన కూడా ఈ కాగితాల మీదే కాబట్టి నా మాటల్ని ఆ మేరకు కాస్త తగ్గించుకునే చదవండి.

తగ్గింది, అబద్ధం కాదు. ఫ్యాక్టరీ పెట్టకముందు చేతులు కట్టుకుని అడగాల్సిన అనుమతులు నేను చూస్తుండగానే బాగా తగ్గాయి. వాటి బదులు, "నేను అన్నీ సరిగ్గా చేశాను" అని మీరే సంతకం పెట్టి ఇచ్చి, ఆ సంతకానికి తర్వాత మీరే పూచీ పడాల్సిన పని పెరిగింది. ప్రకటనల్లో ఈ రెండో సగం కనిపించదు. కన్సల్టెంటు కూడా చెప్పడు, ఎందుకంటే అతను అమ్మేది మొదటి సగమే.

21 రోజుల సంగతి చూద్దాం. ఒకే చోట దరఖాస్తు అన్న ఆలోచన మన రాష్ట్రంలో కొత్తదేం కాదు, 2002లోనే పారిశ్రామిక సింగిల్ విండో చట్టం చేశారు. గడువులోగా శాఖ జవాబు ఇవ్వకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క అన్న నిబంధన అందులోనే ఉంది. 2015లో సింగిల్ డెస్క్ పాలసీ తెచ్చి, అన్ని అనుమతులూ 21 పనిదినాల్లో అన్నారు. పనిదినాలు అన్న మాట గుర్తుపెట్టుకోండి, పండగలూ సెలవులూ తీసేస్తే అది నెల దగ్గరికి వస్తుంది. తర్వాత ర్యాంకుల కాలం వచ్చింది. కేంద్రం రాష్ట్రాలన్నిటికీ సంస్కరణల జాబితా ఇచ్చి, ఎవరు ఎన్ని చేశారో మార్కులు వేయడం మొదలుపెట్టింది. 2015లో మనం గుజరాత్ తర్వాత రెండో స్థానం, 2016లో తెలంగాణతో కలిసి మొదటి స్థానం, ఆ తర్వాతి రెండు జాబితాల్లోనూ మొదటి స్థానం. దేశం కూడా ప్రపంచ బ్యాంకు జాబితాలో 142 నుంచి 63కి ఎగబాకింది, చివరికి ఆ జాబితా లెక్కల్లోనే తేడాలున్నాయని 2021లో ప్రపంచ బ్యాంకే దాన్ని ఆపేసింది.

ఈ ర్యాంకులు బూటకం అనే వాళ్లతో నేను ఏకీభవించను. కాకపోతే మొదట్లో మార్కులు ఎలా వేశారో తెలుసుకోండి. ఫలానా పని ఆన్‌లైన్ చేశాం అని జీవో కాపీ, పోర్టల్ స్క్రీన్‌షాట్ రాష్ట్రం పంపిస్తే మార్కు పడేది. జీవో మందసలో అమలవుతోందా లేదా అన్నది వేరే సంగతి. వ్యాపారుల్ని అడిగి మార్కులు వేయడం తర్వాత కలిపారు, 2020లో ప్రకటించిన జాబితా నాటికి పూర్తిగా వాళ్ల మాట మీదే పెట్టారు. అప్పుడూ మనమే మొదట. పోర్టల్ పనిచేస్తోందన్న మాట వాస్తవం కాబట్టే అది సాధ్యమైంది.

మరి ఆలస్యం ఎక్కడ అంటే, మా దగ్గర అందరి నోటా వినిపించే మాట ఒకటుంది: షార్ట్‌ఫాల్. మీరు దరఖాస్తు వేస్తారు, రోజులు లెక్క మొదలవుతుంది. గడువు దగ్గర పడ్డాక ఒక సాయంత్రం ఫోనుకి మెసేజ్ వస్తుంది, ఫలానా కాగితం సరిగా లేదు, మళ్లీ పెట్టండి అని. అంతే, గడియారం ఆగిపోతుంది. మీరు జవాబు పెట్టాకే మళ్లీ తిరుగుతుంది, అప్పుడు ఇంకో షార్ట్‌ఫాల్. శాఖ రికార్డులో మాత్రం "గడువులోగా పరిష్కరించాం" అనే ఉంటుంది, అది అబద్ధం కూడా కాదు. కేంద్రం ఇచ్చిన సంస్కరణల జాబితాలోనే ఉంది, సందేహాలన్నీ ఒకేసారి, దరఖాస్తు అందిన ఏడు రోజుల్లోపే అడగాలని. ఈ ఒక్క నిబంధన గట్టిగా అమలైతే కొత్త పోర్టళ్లు నాలుగు తేవడం కన్నా ఎక్కువ మేలు జరుగుతుందని నా అభిప్రాయం. రెండోసారి షార్ట్‌ఫాల్ వస్తే మర్యాదగానే, రాతపూర్వకంగా, "ఈ విషయం మొదటిసారే అడగలేదెందుకు" అని జవాబులో పెట్టండి. శ్రీకాకుళంలో జిల్లా పరిశ్రమల కేంద్రంలో జనరల్ మేనేజరు గారికి ఒక కాపీ ఇవ్వండి. కలెక్టరు గారి అధ్యక్షతన జరిగే పరిశ్రమల కమిటీ సమావేశంలో పెండింగు దరఖాస్తులు చర్చకు వస్తాయి, అక్కడ తన శాఖ పేరు చదవడం ఏ అధికారికీ ఇష్టం ఉండదు. నేను చూసినంతలో బాగా పనిచేసే దారి ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు.

అనుమతి ఇచ్చినట్టే లెక్క అన్న నిబంధన మీద మాత్రం మరీ ఆశ పెట్టుకోకండి. చట్టంలో అది ఉంది, కానీ లోను ఇచ్చే బ్యాంకు మేనేజరుకు "ఇచ్చినట్టే లెక్క" సరిపోదు, సంతకం ఉన్న కాగితం కావాలి.

షార్ట్‌ఫాల్స్‌లో సగానికి పైగా శాఖల తప్పు కాదండీ, మన కాగితాలు ఒకదానితో ఒకటి కలవకపోవడం. మీ విషయంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ ఉన్నది ఇక్కడే, బాయిలరూ పొల్యూషనూ దీని తర్వాతే. భూమి మీ నాన్నగారి పేరున ఉంది. దస్తావేజులో పాత సర్వే నంబరు ఉంటుంది. 2020 చివర్లో మొదలైన రీసర్వే మీ ఊళ్లో అయిపోయి ఉంటే పాస్‌పుస్తకంలో దాని బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఉంటుంది, విస్తీర్ణం రెండు మూడు సెంట్లు అటూ ఇటూ అయి కూడా ఉండొచ్చు. కొన్నిచోట్ల అన్నదమ్ముల భూములన్నీ కలిపి ఒకే ఎల్‌పీఎం కింద ఉమ్మడిగా పడ్డాయి. పోర్టల్‌కి ఈ చరిత్రంతా తెలీదు, రెండు కాగితాల్లో రెండు నంబర్లు కనిపిస్తే చాలు, షార్ట్‌ఫాల్. నాన్నగారి పేరు ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పాస్‌పుస్తకంలో ఇంకొకటి, ఇంటిపేరు ఒకదాంట్లో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తిగా ఉండటం మన ఉద్దానంలో ప్రతి ఇంట్లోనూ మామూలే. అవన్నీ ముందు సరిచేయించుకోండి. ఆ తర్వాత నాన్నగారి నుంచి మీ పేరుకు లీజు రాయించుకుని రిజిస్టరు చేయించండి. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, తండ్రీకొడుకులమే కదా అని తెల్లకాగితం మీద రాసుకుంటే లోను దగ్గర ఆగిపోతారు.

ఒకప్పుడు వ్యవసాయ భూమిని మార్పించుకోవడం, అదే నాలా, తహసీల్దారు, ఆర్డీవో ఆఫీసుల చుట్టూ తిప్పే పెద్ద పని. 2006 నాటి ఆ చట్టాన్ని రద్దు చేస్తూ 2025లో అసెంబ్లీ బిల్లు ఆమోదించింది. మార్పిడి ఉత్తర్వు కోసం విడిగా తిరగడం పోతుంది, దాని బదులు కట్టాల్సిన చార్జీ మాత్రం భవన అనుమతి దశలో కడతారు. అంటే డబ్బు భారం పోలేదు, తిరుగుడు భారం పోయింది. ఈ తేడా చాలా సంస్కరణల్లో కనిపిస్తుంది, ఏది పోయిందో విడివిడిగా చూసుకోవాలి.

నిజంగా మాయమైపోయినవీ ఉన్నాయి, అవీ చెప్పకపోతే అన్యాయం. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టులో పప్పు లోడు ఆగితే ఎంతసేపు పట్టేదో మా తరం వ్యాపారుల్ని అడగండి. బరంపురం పంపాల్సిన సరుకు రాత్రంతా లైనులో ఉండేది, డ్రైవరు జేబులో దానికంటూ వేరే డబ్బులు పెట్టి పంపేవాళ్లు. 2017 జులైలో జీఎస్టీ రావడంతోనే వాణిజ్య పన్నుల తనిఖీ అక్కడ ఎత్తేశారు. ఇప్పుడు 50 వేలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు ఫోన్లోనే తీసుకుని పంపేస్తున్నాం. నా దృష్టిలో ఈ ముప్పై ఏళ్లలో పలాస వ్యాపారికి జరిగిన పెద్ద మేలు అదే. సింగిల్ డెస్క్ ఆ లెక్కలో తర్వాతే.

చిన్న పరిశ్రమగా నమోదు కావడానికి చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇంకొకటి. వెనకటికి ఎంటర్‌ప్రెన్యూర్స్ మెమొరాండం అని రెండు భాగాలుగా ఉండేది, తాత్కాలికం ఒకటి, శాశ్వతం ఒకటి, రెండిటికీ శ్రీకాకుళం వెళ్లాలి. 2015లో ఉద్యోగ్ ఆధార్ వచ్చింది, 2020 జులై 1 నుంచి ఉద్యమ్. ఆధార్, పాన్ ఉంటే చాలు, ఏ కాగితమూ అప్‌లోడ్ చేయక్కర్లేదు, ఒక్క రూపాయి ఫీజు లేదు. గూగుల్‌లో వెతికితే మొదట వచ్చేవి ప్రకటనలు, ప్రభుత్వ సైటులాగే కనిపిస్తూ వేలకు వేలు తీసుకుంటాయి, జాగ్రత్త. మీ కన్సల్టెంటు ఇచ్చిన ఎస్టిమేటులో ఉద్యమ్‌కి ఏమైనా వేశాడేమో చూడండి. వేసి ఉంటే మిగతా ఎస్టిమేటు కూడా అలాగే ఉందని అర్థం. 2025 ఏప్రిల్ నుంచి సూక్ష్మ పరిశ్రమ పరిమితి పెట్టుబడిలో రెండున్నర కోట్లకు, టర్నోవరులో 10 కోట్లకు పెంచారు కాబట్టి మీరు చాలా ఏళ్లు సూక్ష్మంలోనే ఉంటారు.

ఇక పనివాళ్ల సంఖ్య. ఇది మన జీడి పరిశ్రమకి అసలైన చిక్కు, మీ ప్రశ్నలో మీరు అడగనిది కూడా. పది మంది అయితే ఈఎస్ఐ, ఇరవై మంది అయితే పీఎఫ్. పాత ఫ్యాక్టరీల చట్టంలో కరెంటు వాడితే పది మందికే ఫ్యాక్టరీ. ఈ గీతల వల్ల ఏం జరిగిందో మా ఊళ్లో ఎవరికైనా తెలుసు. పెరగాల్సిన ఫ్యాక్టరీ పెరగలేదు, అన్న పేరున ఒకటి, తమ్ముడి పేరున ఒకటి, భార్య పేరున ఒకటి, మూడింటికీ ఒకే కాంపౌండు, ఒకే బాయిలరు, ఒక్కో మస్టరులో పద్దెనిమిది మందో పంతొమ్మిది మందో. లేదంటే పప్పు ఒలవడం ఇళ్లకిచ్చేస్తారు, వాళ్లు పనివాళ్లు కాదన్నట్టు. కేజీకి ఇంత అని కూలి ఇచ్చినా వాళ్లు పనివాళ్లే, ఇంటి దగ్గర చేసేవాళ్లకు కూడా పీఎఫ్ వర్తిస్తుందని బీడీ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1980ల్లోనే చెప్పింది. అయినా చెప్పేవాళ్లు చెబుతూనే ఉంటారు, "ఇక్కడందరూ అలాగే చేస్తారు బాబూ" అని.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, 29 పాత చట్టాల్ని కలిపేశారు. కరెంటు వాడే చోట ఫ్యాక్టరీ అనడానికి పది మంది బదులు ఇరవై మంది అయ్యారు. దీన్ని మా వాట్సాప్ గ్రూపుల్లో "ఇరవై లోపు ఏమీ అక్కర్లేదు" అని తిప్పారు. తప్పు. పది మంది ఉంటే సంస్థగా రిజిస్ట్రేషన్ కావాలి, ఈఎస్ఐ పదికే ఉంది, ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. ఈ చివరిది చాలామంది పట్టించుకోవట్లేదు, నిజానికి ఒలిచే పనికి వచ్చే అమ్మాయికి కాగితం మీద తన పేరు, కూలి రేటు కనబడటం ఇదే మొదటిసారి కావచ్చు. మీకు పాతికమంది అంటున్నారు కాబట్టి పాత లెక్కలోనూ కొత్త లెక్కలోనూ ఫ్యాక్టరీయే, పీఎఫ్ తప్పదు. ఆ ఖర్చు మొదటి రోజునుంచే లెక్కలో వేసుకోండి. యజమాని వాటా ఈఎస్ఐకి 3.25 శాతం, పీఎఫ్‌కి 12 శాతం. ఇది వేశాక లాభం మిగలకపోతే మీ లెక్క తప్పు, గీత కింద దాక్కుంటే అది ఒప్పు అయిపోదు.

తనిఖీల గురించి కూడా చెప్పాలి. 2014లో కేంద్రం శ్రమ సువిధ పోర్టల్ తెచ్చి, ఏ ఇన్‌స్పెక్టరు ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో కంప్యూటరు తీసే లాటరీ మీద నిర్ణయించడం, తనిఖీ రిపోర్టు 72 గంటల్లో అప్‌లోడ్ చేయడం మొదలుపెట్టింది. రాష్ట్రాలకూ అలాంటి షరతే, ఒకే ఇన్‌స్పెక్టరు ఒకే యూనిట్‌కి వరుసగా రెండుసార్లు వెళ్లకూడదని. దీపావళికి ముందు ఎవరో ఒకరు "ఊరికే చూసిపోదామని" రావడం బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, ఫిర్యాదు వస్తే లాటరీ అక్కర్లేదు కదా, ఫిర్యాదు రాయించడం ఎవరికీ పెద్ద పని కాదు. కొత్త లేబర్ కోడ్‌లలో ఇన్‌స్పెక్టరు పేరే కాదు, పని కూడా సలహా ఇచ్చే వాడిగా మార్చారు. మనిషి మారాడా లేదా అన్నది మీరు కలిశాక తేలుతుంది.

బాయిలర్, పొల్యూషన్ విషయంలో నేను కొంచెం వేరుగా ఆలోచిస్తాను. సులభతర వ్యాపారం అన్న మాట వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి నిబంధనా భారమే అన్నట్టు మాట్లాడుతున్నారు. ఆవిరి పట్టే గదిలో పదిమంది ఆడవాళ్లు కూర్చునే చోట బాయిలర్ తనిఖీ భారం కాదండీ. 1923 నాటి బాయిలర్ల చట్టం తీసేసి 2025లో కొత్తది తెచ్చారు, మే 1 నుంచి అమల్లో ఉంది. చిన్న చిన్న తప్పులకు జైలు తీసేసి జరిమానా పెట్టారు, ప్రాణాల మీదకి తెచ్చే నాలుగు నేరాలకు మాత్రం క్రిమినల్ శిక్ష ఉంచారు. ఇలా వేరు చేసి చూడటం నాకు నచ్చింది. ఇరవై ఐదు లీటర్ల లోపు, లేదా కేజీ ప్రెషరు లోపు ఉండే చిన్న వాటికి ఈ చట్టం వర్తించదు, మీరు పెట్టేది అంతకన్నా పెద్దదే అవుతుంది. చవగ్గా వస్తుందని మూతపడ్డ ఫ్యాక్టరీ నుంచి కాగితాల్లేని పాత బాయిలరు తెచ్చుకోకండి, రిజిస్ట్రేషన్ నంబరూ పాత సర్టిఫికెట్లూ లేనిదాన్ని తర్వాత దారిలో పెట్టడం కన్నా కొత్తది కొనడం చవక.

పొల్యూషన్ బోర్డు దగ్గర కూడా అంతే. అసలు కాలుష్యం లేని పరిశ్రమల్ని 2016లో వైట్ కేటగిరీ అని విడదీశారు, వాటికి అనుమతే అక్కర్లేకుండా చేశారు. జీడి ఫ్యాక్టరీ అందులోకి రాదు. పిక్కల తొక్క కాలిస్తే వచ్చే పొగ, చేతులకి అంటితే చర్మం ఊడొచ్చే జీడి నూనె, ఇవి ఉన్నంతకాలం రాకూడదు కూడా. కట్టేముందు ఒక అనుమతి, నడిపేముందు ఇంకొకటి, రెండూ సింగిల్ డెస్క్ పోర్టల్‌లోనే వేయొచ్చు. ఇళ్లకు దూరంగా స్థలం ఉంటే సగం పని అయినట్టే, మీది పొలం కాబట్టి ఆ ఇబ్బంది తక్కువ. ఫుడ్ సేఫ్టీ, తూనికలు కొలతల శాఖ కాటా ముద్ర, ప్యాకెట్లు చేసి అమ్మితే ప్యాకర్ రిజిస్ట్రేషన్, ఇవి ఎవరికి వారు చేసుకోగల పనులే, వీటి గురించి ఎక్కువ రాయను.

జీఎస్టీలో మాత్రం జీడి వాళ్లకే ఉన్న ఒక మెలిక చెప్పాలి. సరుకుల వ్యాపారానికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట విని ఆగిపోకండి, ఒడిశాకి ఒక్క డబ్బా అమ్మినా ఆ మినహాయింపు పోతుంది, మన ఊళ్లకి ఒడిశా ఎంత దూరం చెప్పండి. రిజిస్టరు అయ్యాక, రైతు దగ్గర నేరుగా పిక్కలు కొంటే, ఆ ఎనభై కిలోల బస్తా మీద పన్ను రైతు బదులు మీరే కట్టాలి, రివర్స్ చార్జి, 5 శాతం. తర్వాత దాన్ని అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు (క్రెడిట్ అంటారు), కానీ ముందు నగదుగా కట్టాలి. సీజనులో పిక్కలకే డబ్బు చాలక వడ్డీకి తెచ్చే రోజుల్లో ఈ 5 శాతం గొంతు మీద కూర్చుంటుంది. ఇది ఎవరూ మొదట చెప్పరు, ఏడాది తర్వాత నోటీసు వచ్చినప్పుడు చెబుతారు. తగ్గినవేంటంటే, 5 కోట్ల లోపు టర్నోవరుకి రిటర్నులు మూడు నెలలకోసారి వేసుకోవచ్చు, పన్ను మాత్రం నెలనెలా కట్టాలి. 2025 నవంబరు నుంచి, రిజిస్టరైన వాళ్లకు అమ్మే సరుకు మీద పన్ను నెలకి రెండున్నర లక్షలు దాటదని చెప్పేవాళ్లకు మూడు పనిదినాల్లో రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు. దాటదని చెప్పేది ఎవరు? మీరే. ఆ మాట మీద నిలబడాల్సిందీ మీరే.

మొదట చెప్పిన రెండో సగం ఇదే. 2023లో జన్ విశ్వాస్ చట్టం వచ్చింది, 42 కేంద్ర చట్టాల్లో 183 నిబంధనల్లో శిక్షలు సవరించారు, చాలావాటికి జైలు తీసేశారు. మంచిదే, చిన్న పొరపాటుకి చిన్న వ్యాపారిని కోర్టు మెట్లు ఎక్కించడం అన్యాయం. కానీ అదే చట్టం ఆహార భద్రత చట్టంలో తప్పుడు సమాచారం ఇచ్చినందుకు ఏం చేసిందో చూడండి. ఇంతకుముందు మూడు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా. ఇప్పుడు జైలు లేదు, 10 లక్షల దాకా కట్టించవచ్చు. పైగా ఆ చట్టం సవరించిన జరిమానాల కనీస మొత్తం మూడేళ్లకోసారి పది శాతం పెరుగుతుంది. కోర్టుకెళితే ఏళ్లు పట్టేది, ఇప్పుడు అధికారే విచారించి వేసేస్తాడు. 2023 బడ్జెట్ ప్రసంగంలో 39 వేలకు పైగా నిబంధనల భారం తగ్గించామన్నారు, ఆ లెక్కలో మీకు ఎన్ని వర్తిస్తాయో ఎవరూ చెప్పలేరు, మీరు సంతకం పెట్టిన ప్రతి స్వీయ ధ్రువీకరణ మాత్రం మీకే వర్తిస్తుంది. అందుకే కన్సల్టెంటు "మీరేం చదవక్కర్లేదు సార్, ఓటీపీ చెప్పండి చాలు" అంటే చెప్పకండి. ఓటీపీ అంటే మీ సంతకం. ఫ్యాక్టరీలో మంటలార్పే సామాను లేకుండానే ఉన్నట్టు టిక్ పెట్టి అనుమతి తెచ్చిపెట్టిన వాళ్లున్నారు, ప్రమాదం జరిగితే కన్సల్టెంటు పేరు ఎక్కడా ఉండదు.

ఇక్కడ జిల్లాల విభజన గురించి ఒక మాట, రాజాం వైపు వాళ్లు ఎవరైనా చదువుతుంటే పనికొస్తుంది. 2022 ఏప్రిల్‌లో రాజాం నియోజకవర్గం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాత అనుమతుల మీద ఇంకా శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది. రెన్యూవల్‌కి ముందే అన్నిచోట్లా జిల్లా పేరు మార్పించుకోండి. నాకు తెలిసిన ఒక మిల్లు ఫైలు, ఈ జిల్లా వాళ్లు ఆ జిల్లాకి, వాళ్లు తిరిగి ఈ జిల్లాకి పంపుకుంటూ ఉండగా సీజను అయిపోయింది. మందస శ్రీకాకుళంలోనే ఉంది కాబట్టి మీకు ఆ గొడవ లేదు.

ఇప్పుడు 85 వేల సంగతి. మీలా చదువుకుని, కంప్యూటరు ముందు కూర్చోగలిగిన వాళ్లకి అంత అక్కర్లేదు. ఉద్యమ్, పాన్, జీఎస్టీ, ఫుడ్, పీఎఫ్, ఈఎస్ఐ రిజిస్ట్రేషన్లు మీరే చేసుకోండి. భవనం ప్లాను, ఫ్యాక్టరీ ప్లాను గీయడానికి లైసెన్సున్న ఇంజినీరు కావాలి, అది నిజమైన ఖర్చు, బేరమాడకండి. పొల్యూషన్ దరఖాస్తులో నీళ్లెంత, పొగగొట్టం ఎత్తెంత, తొక్క ఏం చేస్తారు అన్న వివరాలు తెలిసినవాళ్ల చేత రాయించుకోండి, పక్క ఫ్యాక్టరీ దరఖాస్తు కాపీ కొట్టి పేరు మార్చేవాళ్ల చేత కాదు. నెలవారీ రిటర్నులకి స్థానికంగా ఒక అకౌంటెంటుని పెట్టుకోండి, నన్నే అని కాదు. చిన్న ఆహార పరిశ్రమలకి కేంద్రం 2020లో తెచ్చిన పథకంలో శ్రీకాకుళానికి ఎంచుకున్న ఉత్పత్తి జీడిపప్పే, 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ. గడువు చూసుకుని వేయండి. ఆ పథకం కింద దరఖాస్తు, ప్రాజెక్టు రిపోర్టు చేసిపెట్టడానికి జిల్లాలో రిసోర్స్ పర్సన్లని పెట్టారు, వాళ్లకి డబ్బు ప్రభుత్వమే ఇస్తుంది, మీరు ఇవ్వక్కర్లేదు. కన్సల్టెంటు లిస్టులో ప్రాజెక్టు రిపోర్టుకి ఎంత వేశాడో చూసి, ఆ లైను కొట్టేయమని అడగండి.

మీ ఊళ్లో రీసర్వే అయిందో లేదో, పాస్‌పుస్తకంలో ఉన్నది పాత సర్వే నంబరో ఎల్‌పీఎం నంబరో కింద రాయండి, నంబరు అక్కర్లేదు, ఏ రకమో చెబితే చాలు. దాన్ని బట్టి ముందు తహసీల్దారు ఆఫీసుకి వెళ్లాలా, నేరుగా పోర్టల్‌లో వేసేయొచ్చా అన్నది చెబుతాను.